మేకలు తిరగని గుట్ట

మా పాఠ్యపుస్తకంలో ఎడారి పాఠానికి ఒక్కటే బొమ్మ. ఒంటె, బ్రహ్మజెముడు, వెనక ఇసుక. నేను జీవశాస్త్రం చెప్పిన ప్రైవేటు స్కూల్లో ఆ పాఠం బట్టీ పట్టిస్తే చాలనేవారు. నేను ఒప్పుకోలేదు. మెదక్ దాటి హవేలిఘనపూర్ వైపు పోతుంటే ఒక రాళ్ల గుట్ట ఉండేది. అది ఎడారి కాదు గానీ, నీళ్లు లేని చోట చెట్లూ జీవాలూ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని బతుకుతాయో చూపించడానికి మాకు అంతకంటే మంచి చోటు లేదు. ఏటా తొమ్మిదో తరగతిని అక్కడికి నడిపించేవాణ్ణి. "సార్‌కు ఎండల తిరుగుడు మస్తు ఇష్టం" అని స్కూలు యజమాని స్టాఫ్‌రూంలో అందరి ముందూ అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట మాత్రం నాకు నిన్న అన్నట్టే ఉంది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మళ్లీ ఊపందుకుంటున్న రోజులవి. ఒకసారి గుట్ట మీద తుమ్మచెట్టు చూపించి, జంతువులు దగ్గరికి రాకుండా ఈ చెట్టు ముళ్లు పెంచుకుంది అని పిల్లలకు చెబుతున్నాను. అక్కడ రోజూ మేకలు కాసే ఒకాయన కొక్కెం కర్రతో తుమ్మకాయలు దులుపుతూ నవ్వాడు.

"ముండ్లు ఆకులను కాపాడనీకె సార్. కాయ మాత్రం మేక తినాలెననే చెట్టు కింద పడేస్తది. మేక కడుపుల పడి వస్తెనే గింజ జల్ది మొలుస్తది. మీ బుక్కుల గిది రాయలేదా?"

పిల్లలు నవ్వారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "పిల్లలూ, మీ సార్‌కు నా మేకల కాడ ట్యూషన్ పెట్టిస్త" అన్నాడు. నెల రోజుల పాటు నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక బెంచీల్లోంచి మేక అరుపు వచ్చేది.

ఆయన చెప్పింది నిజమే. ఆ తర్వాత నేనొక్కణ్ణే పోయి చూశాను. మేకలు నీడకు చేరే రేగుపొదల అంచున పెంటికలు, వాటిలోంచి తుమ్మ మొలకలు. ముళ్ల లోపల మొలిచినవాటికి మేక మూతి అందదు. పెంటికలకు చెదలు పడతాయి, చెదల కోసం కౌజుపిట్టలు నేల గీరతాయి, ఆ కౌజులు మళ్లీ రేగుపొద కిందే గుడ్లు పెడతాయి. అంతా నోటుబుక్కులో రాసుకున్నాను. అయినా ఆ వారమే తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చాను, మేకల వల్ల గుట్ట నాశనమవుతోందని. గుట్టను కాపాడడానికే రాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

అర్జీ కదలకపోతే మళ్లీ ఇచ్చాను. ప్రతి సోమవారం పోయి కూర్చునేవాణ్ణి. "మీరు రాకుంటె మాకు వారం షురూ కాదు సార్" అని క్లర్కు వెక్కిరించాడు. చివరికి నా పోరు పడలేక కాబోలు, గుట్ట మీదికి మేకలు తోలితే జరిమానా అని డప్పు కొట్టించారు. మేకలాయన చాయ్ హోటల్ దగ్గర నన్ను ఆపాడు.

"నా మేకలేం పాపం చేసినయి సార్?"

"రూలు రూలే" అన్నాను.

కొన్నాళ్లు చేగుంట దిక్కు తోలుకుపోయాడు. ఆ దూరం నడవలేక ఏడాదిలోపే మేకలన్నీ అమ్మేశాడు.

ఆ వానాకాలం గుట్ట మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. పిల్లలను తీసుకుపోయి గర్వంగా చూపించాను. ఎండాకాలానికి అది ఎండింది. ఎవరి బీడీయో, ఒక మధ్యాహ్నమంతా గుట్ట కాలింది. అంతకుముందు మేకలు గడ్డిని పెరగనిచ్చేవి కావు గనుక నిప్పు పడినా పాకేది కాదు. రేగుపొదలు పోయాయి. వాటి కింద తుమ్మ మొలకలు, కౌజు గుడ్లు పోయాయి. మిగిలిన నాలుగు తుమ్మలు మరుసటేడు కాయలు రాల్చాయి. తినడానికి మేకలు లేవు. వానలు వచ్చి పోయినా గింజలు రాళ్లలా అలాగే పడి ఉన్నాయి.

తర్వాత రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. ఆఫీసులకూ బడులకూ తాళాలు పడ్డాయి. ఆ రోజుల్లోనే ఒక ఉదయం నడకకు పోతే గుట్టను తవ్వుతూ ప్రొక్లెయిన్ కనబడింది. దీక్షా శిబిరానికి పరుగెత్తాను. తహసీల్దారు ఆఫీసు క్లర్కు మెడలో కండువాతో ముందు వరసలో కూర్చున్నాడు.

"రాష్ట్రం రానియ్యుండ్రి సార్. గుట్టలన్నీ మనయే గద" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. ఆ శిబిరంలో నేనూ ఎన్నో రోజులు కూర్చున్నవాణ్ణే. ఆ నవ్వినవాళ్లెవరో ఇప్పటికీ ఒక్కొక్కరినీ చూపించగలను.

సమ్మె అయిపోయాక క్లర్కు ఫైలు నా ముందు పెట్టాడు. "చూడుండ్రి. చెట్లు కాలిపోయినయి, మేత లేదు, ఎవరి వాడకమూ లేదు. అందుకే కంకరకు ఇచ్చిండ్రు. మేకలున్నన్ని రోజులు ఎవ్వరడిగినా, మేత భూమని రాసి వాపస్ పంపినం." మేత లేదనడానికి రుజువుగా కింద కుట్టిన కాగితం, మేకలను ఆపించిన నా అర్జీ. నా దస్తూరీ. అన్నేళ్లలో ఆ ఆఫీసు మన్నించిన నా అర్జీ అదొక్కటే.

ఆ సాయంత్రం మేకలాయన ఇంటికి పోయి ఫైలులో ఉన్నదంతా చెప్పాను.

"ఎర్కే సార్. కూసోండ్రి" అని కోడలిని పిలిచి చాయ్ పెట్టమన్నాడు. మోకాళ్ల నొప్పి గురించి, దవాఖానాలో ఇచ్చిన గోలీల గురించి మాట్లాడాడు. ఒక్క మాటైనా అంటాడని చూశాను. తిడితే నాకూ జవాబు ఉండేది. చివరికి నేనే అడిగాను, నా మీద కోపం లేదా అని.

"గుట్ట ఉంటె ఉంటుండె కోపం. ఇప్పుడు తెచ్చుకొని ఏం చేస్త?" అన్నాడు. "చాయ్ సల్లారుతుంది, తాగుండ్రి."

తాగాను. కోడలు గ్లాసు తీసుకుపోయింది. ఆయన తలుపు దాకా వచ్చి, బయట మురికికాలువ ఉంది, చూసి నడవమన్నాడు.