ఎస్తేరుకు నేను చెప్పిన అబద్ధం

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అమ్మకు చెప్పలేదు. నన్ను చేసుకున్న మనిషికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే నోరు పెగులుతోంది.

మాది వడమాలపేట దగ్గర ఒక పల్లె. నాకు ఏడాది నిండకముందే తలసీమియా అని తేలింది. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాని జబ్బు. అమ్మ నుంచి సగం, నాయన నుంచి సగం వచ్చింది. మూడు వారాలకోసారి తిరుపతిలో ఆస్పత్రి వార్డుకు పోయి, ఎవరో దానం చేసిన రక్తం ఎక్కించుకోవాలి. ఆ రక్తంతో పాటు ఇనుము కూడా ఒంట్లో చేరుతుంది. తనంతట తాను బయటికి పోదు. గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపడానికి రోజూ మాత్రలు వేసుకోవాలి. వేసుకోకపోతే, బతికించిన రక్తమే చివరికి ప్రాణం తీస్తుంది. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియక చేశానని అనుకోకండి.

ఎస్తేరు నాకు పదకొండేళ్లప్పుడు ఆ వార్డులోనే కలిసింది. తనదీ నా వయసే, నా జబ్బే. కార్వేటినగరం నుంచి వచ్చేది. తండ్రి లేడు. తల్లి శాంతమ్మ అక్కడి హాస్టల్లో వంట చేసేది. మా ఇద్దరి మంచాలు కిటికీ పక్కన ఒకదాని పక్కన ఒకటి. సూది గుచ్చేటప్పుడు నేను కళ్లు మూసుకుని అమ్మ చెయ్యి పట్టుకునేదాన్ని. ఎస్తేరు సూదినే చూస్తుండేది. తలపైన వేలాడే రక్తం సంచీని చూసి, "ఈ తూరి పుత్తూర్లో ఎముకలకు కట్లు కట్టేటాయన రక్తం మాదిరుండాది. మన ఎముకలు గూడా గట్టిపడతాయి సూడు" అనేది. నర్సులు నవ్వేవాళ్లు. నొప్పి మరిచిపోయి నేనూ నవ్వేదాన్ని. ఆ మూడు వారాలూ నేను ఎదురుచూసింది రక్తం కోసం కాదు, ఎస్తేరు కోసం. తనలా ఉండాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. కనీసం తన కంటికి ఆనాలని.

అప్పట్లో మాత్రలు నీళ్లలో కరిగించి పరగడుపున తాగాలి. సుద్దముక్క నూరి పోసినట్టుండేది. కడుపులో తిప్పేది. మా అమ్మ గ్లాసు పట్టుకుని, అడుగున చుక్క మిగలకుండా తాగేదాకా కదిలేది కాదు. ఎస్తేరుకు ఆ భాగ్యం లేదు. తెల్లారకముందే శాంతమ్మ హాస్టలుకు వెళ్లిపోయేది. ఎస్తేరు తన గ్లాసు తానే కలుపుకుని, తానే తాగాలి.

మాకు పదిహేడేళ్లప్పుడు ఒకరోజు వార్డుకు చిత్తూరు నుంచి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. ఎస్తేరు ఆ అమ్మాయితో ఒకటే కబుర్లు. మధ్యలో నన్ను చూపించి, "ఇది వాళ్లమ్మ పోస్తే గానీ నీళ్లు గూడా తాగదు" అంది. ఇద్దరూ నవ్వారు. ఆడిపోసుకోవడం కాదు, ముద్దుగానే అంది. అయినా నాకు ఎక్కడో గుచ్చుకుంది. మధ్యాహ్నం ఆ అమ్మాయి వెళ్లిపోయాక ఎస్తేరు నా వైపు తిరిగింది.

"మే, నిజం చెప్పు. ఆ మాత్రలు నీకు పడతాయా? నాకైతే పొద్దంతా వాంతే. కాలేజీకి యాడ పోయేది?"

"నేను యాడ తాగతా ఉండాను? ఇడ్సిపెట్టి మూడు నెల్లయింది."

"మీ అమ్మ సూడదా?"

"అట్ల తిరగతానే పెరట్లో పారబోస్తా."

"ఏమీ కాలేదా?"

"నీ ముందరే ఉండా గదా. ఏమైంది, సూడు."

ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఆ రోజు పొద్దున కూడా తాగే వచ్చాను.

ఎస్తేరు నన్ను చాలాసేపు చూసింది. తర్వాత భుజం మీద ఒక్కటి చరిచి, "అబ్బో, గట్టిదానివేమే నువ్వు!" అంది. ఆ చూపు కోసం ఆరేళ్లు ఆగాను. దొరికింది.

తను మానేస్తుందని నాకు తెలుసా? తెలియదనే ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమేనా? వాంతులతో విసిగిపోయి, ఎవరైనా 'ఏం కాదులే' అంటే చాలు అన్నట్టు అడుగుతున్న పిల్లకు ఆ మాట చెబితే ఏం చేస్తుందో ఊహించలేనంత చిన్నపిల్లనా నేను? సరే, ఊహించలేదనే అనుకుందాం. మూడు వారాల తర్వాత వచ్చి నా చెవిలో, "నేను గూడా ఇడ్సిపెట్టినా. ఎంత హాయిగా ఉండాదో" అన్నప్పుడు? అప్పుడు తెలుసు కదా. ఒక్క మాట చాలు. 'అబద్ధం చెప్పినానే' అంటే చాలు. నేను నవ్వాను.

కొన్ని నెలలకు ఇనుము పరీక్ష చేశారు. నాది తగ్గింది. తనది బాగా పెరిగింది. డాక్టరమ్మ అనుమానంగా అడిగితే, "తాగతానే ఉండా మేడం" అని చెప్పి, ఆవిడ అటు తిరగ్గానే నాకు కన్నుగీటింది. బయటికి వచ్చాక అడిగింది, నీకెట్లా తగ్గింది అని. "ఒక్కో ఒళ్లు ఒక్కో తీరు" అన్నాను. మొదటిది గొప్ప కోసం నోరు జారి ఆడిన అబద్ధం. ఇది కళ్లు తెరిచి, ఆలోచించి, మొదటిదాన్ని కాపాడుకోవడానికి ఆడింది. నిజం చెబితే నన్ను అసహ్యించుకుంటుందని, మళ్లీ నా పక్క మంచం మీద పడుకోదని భయం. తను దూరమవుతుందని భయపడి తననే పోగొట్టుకున్నాను.

రెండున్నరేళ్లు అలాగే గడిచాయి. మూడు వారాలకోసారి నాకు అవకాశం వచ్చింది. మూడు వారాలకోసారి వదులుకున్నాను.

ఒకసారి ఆస్పత్రి మెట్లు ఎక్కుతూ ఎస్తేరు సగంలో కూలబడింది. ఆయాసం. పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఇనుము గుండెకు పట్టింది అన్నారు. చేర్చుకుని, మందును సూదితో తెంపు లేకుండా ఎక్కించడం మొదలుపెట్టారు. నేను రోజూ వెళ్లేదాన్ని. ఒక మధ్యాహ్నం శాంతమ్మ టీ తేవడానికి కిందికి పోయినప్పుడు ఎస్తేరు నా చెయ్యి పట్టుకుంది.

"నేను మానేసినానని మా అమ్మకు చెప్పొద్దు మే. తట్టుకోలేదు" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "నువ్వు మాత్రం మళ్లీ మొదలుపెట్టు. నా మాదిరి సేసుకోవద్దు. రేపు పొద్దున్నుంచే. నా మీద ఒట్టెయ్" అంది.

తను నా కోసం భయపడుతోంది. నేనూ మానేశాననుకుని.

అప్పుడైనా చెప్పానా? తన చేతిలో చెయ్యి వేసి, "తాగతాలే" అన్నాను. ఎస్తేరు ముఖం తేటపడింది. ఐదు రోజులకు పోయింది.

ఇప్పుడు నాకు ముప్ఫై ఒక్కేళ్లు. మాత్రలు మారాయి. కరిగించే పని లేదు, నీళ్లతో మింగేయడమే. నాకైతే అంత తిప్పడం కూడా లేదు. రక్తం తక్కువసార్లు ఎక్కించుకుంటే సరిపోయేలా చేసే ఇంజెక్షన్లు కూడా వచ్చాయని వార్డులో చెప్పుకుంటున్నారు. ఇలాంటివి వినగానే తల పక్క మంచం వైపు తిరుగుతుంది. 'ఎస్తేరూ, విన్నావా' అనబోతాను. అక్కడ ఎవరో చిన్నపిల్ల ఫోను చూసుకుంటూ ఉంటుంది. ఇంకొక్క మూడు వారాలు తనతో దొరికితే చాలని ఎన్నిసార్లు అనుకున్నానో. దొరికితే నిజం చెబుతానా? చెబుతాననే అనుకుంటాను. నా మీద నాకు నమ్మకం లేదు.

ఏటా ఎస్తేరు జ్ఞాపకార్థం శాంతమ్మ ఇంట్లో ప్రార్థన పెడుతుంది. కార్వేటినగరం వెళ్తాను. పోయినసారి అందరూ వెళ్లాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"పాపా, నువ్వూ అవే మాత్రలు గదా తాగింది. నా బిడ్డకెందుకు పనిచేయలేదు? మొదట్లో రెండు మూడు తూర్లు మజ్జిగలో కలిపిచ్చినా నేను. దానివల్లనేమో."

"దానివల్ల కాదు పెద్దమ్మా" అన్నాను.

"మరి దేనివల్ల?"

బస్సు వేళయిందని లేచి వచ్చేశాను. ఇన్నేళ్లుగా ఆ తల్లి నా తప్పును తన తప్పుగా మోస్తోంది. అమ్మకు చెప్పొద్దని ఎస్తేరే అడిగింది కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. తను దాచమన్నది తన సంగతి. ఆ మాట చాటున నేను దాచుకున్నది నా సంగతి.

చిన్నతనం, పోనీలే అని మీరు అనవద్దు. అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఇవ్వగలిగిన పిల్ల, నేనేం చేశానో తెలియకుండానే నన్ను తలుచుకుంటూ వెళ్లిపోయింది. శాంతమ్మ దగ్గరికి వెళ్లి చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. ఈ మాటలు మాత్రం ఈ రోజు మొదటిసారి కాగితం మీద పెడుతున్నాను. ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది.

ఎస్తేరూ, నేను మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదు. నీతో ఆ మాట అన్న రోజు కూడా తాగే వచ్చాను.