డెల్బర్ట్ హకబీ చిన్న సందేహం

డెల్బర్ట్ హకబీ ఏ కిటికీ ముందు నిలబడినా ఒక పట్టాన కదలడు. పోస్టాఫీసులో స్టాంపు కొన్నా, మందుల షాపులో దగ్గుమందు కొన్నా, డబ్బులిచ్చి, చిల్లర తీసుకుని, టోపీ పెట్టుకుని, వెళ్లిపోతున్నట్టే రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఒక్క చిన్న సందేహం" అంటాడు. ఆ మాట వినగానే వెనకున్న వరసంతా నిట్టూరుస్తుంది. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని ఆ కోళ్ల ఫ్యాక్టరీ ఊళ్లో ఎవరి పనైనా తెమలకపోతే, "ఏం, హకబీ గానీ ముందున్నాడా?" అని అడగడం మామూలైపోయింది.

రిటైరయ్యేదాకా ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపాడు. అక్కడా అదే వరస. మలుపు మలుపుకీ బస్సు ఆపి, కిందికి దిగి, జేబులోంచి గుడ్డ తీసి, పక్క అద్దం తుడిచేవాడు. వాన పడుతున్నా తుడిచేవాడు. వానలో అద్దం తుడిచే మనిషిని ఏమనాలో తెలియక పిల్లలు ఆయనకు అద్దాల డెల్బర్ట్ అని పేరు పెట్టారు. ఆ బస్సు ఏనాడూ గంట కొట్టకముందు బడికి చేరిన పాపాన పోలేదు.

అలా నవ్విన పిల్లల్లో ట్వైలా ప్రెస్నెల్ ఒకతె. ఇప్పుడామెకు పందొమ్మిదేళ్లు. రాత్రంతా ఫ్యాక్టరీలో కోడిమాంసం నుంచి ఎముకలు తీస్తుంది. పగలు ఊరి చివర, సర్కారు నడిపే కమ్యూనిటీ కాలేజీలో నర్సు చదువు చదవాలని చేరింది. నవ్వడానికి ఆమెకిప్పుడు తీరిక లేదు.

రిటైరయ్యాక డెల్బర్ట్ కూడా అదే కాలేజీలో వెల్డింగు క్లాసులో చేరాడు. అరవై దాటినవాళ్లకు అక్కడ ఫీజు లేదు. నేర్చుకుని ఆయన చేసింది ఒక ఇనుప గేటు. దానికి గోడ లేదు. ఇంటి ముందు గడ్డిలో అది ఒంటరిగా నిలబడి ఉంటుంది, ఆయన రోజూ దాన్ని తెరుచుకుని లోపలికి వెళ్లి శ్రద్ధగా గడియ వేస్తాడు. ఇదంతా ఊరు భరించింది. భరించలేనిది ఏమిటంటే, ఫీజే కట్టక్కర్లేని మనిషి ఆగస్టు వచ్చిందంటే చాలు, ఫీజు సాయం ఇచ్చే కిటికీ ముందు తిష్ఠ వేయడం.

ఆ కిటికీ సంగతి చెప్పాలి. అది పేదవాళ్లకు సాయం చేసే కిటికీ. సాయం అందాలంటే ముందు పేదవాళ్లమని రుజువు చూపాలి. ఉన్నవాడు తనకుందని ఎవరికీ చూపక్కర్లేదు. లేనివాడే ఆ లేనిదాన్ని మోసుకొచ్చి కిటికీలో పెట్టాలి. దానికి బోలెడంత తీరిక కావాలి, పేదవాడికి మొట్టమొదట లేనిది అదే. ఈ ఏర్పాటు చేసిన పెద్దలు పుట్టి బుద్ధెరిగి ఒక వరసలో నిలబడి ఉండరు.

కిటికీ వెనక లవెర్న్ ఫిచ్ అనే గుమాస్తా ఉంటుంది. ముక్కు మీద కోపం, బుగ్గలో పిప్పరమెంటు బిళ్ల. రోజూ మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఇనుప షట్టరు దించేయాలన్నది కాలేజీ నియమం. కిటికీ దగ్గర మనిషి మాట్లాడుతుండగా మాత్రం దించకూడదు, దించేలోపు హాల్లోకి వచ్చినవాళ్లను తిప్పి పంపకూడదు. ఆ మేరకు గోడ మీద నోటీసు కూడా ఉంది. అలాంటి నోటీసులు ఎవరూ చదవరు.

ఆ సోమవారం ట్వైలా షిఫ్టు దిగి నేరుగా వచ్చి, వరసలో నిలబడి నిలబడి కిటికీ దగ్గరపడేసరికి పన్నెండు కావస్తోంది. ఆమెకు ముందు నిలబడి ఉన్నది ఇంకెవరు, డెల్బర్టే.

"లవెర్న్ గారూ, ఒక్క చిన్న సందేహం. ఇంట్లో ఎంతమంది తింటారని అడిగారిక్కడ. నేనూ, హేజెలూ."

"హేజెల్ ఎవరు?"

"మా కుక్క."

"కుక్కలు లెక్కలోకి రావు."

"నాకంటే ఎక్కువ తింటుంది మరి," అని డెల్బర్ట్ న్యాయం మాట్లాడాడు. తర్వాత ఆస్తుల దగ్గరికి వచ్చాడు. ఇంట్లో తేనెపెట్టె ఒకటుందనీ, పెట్టె రాస్తే సరిపోతుందా, తేనెటీగల్ని కూడా రాయాలా అనీ అడిగాడు. ఈగలు బయటికెళ్లినప్పుడు అవి ఎవరి ఆస్తి అన్నది ఇంకో సందేహం. ట్వైలా గోడకు జారగిలబడి కునికిపాట్లు పడుతోంది. పన్నెండు దాటాక హోటల్లో వడ్డించే ఒకామె ఏప్రన్ కూడా విప్పకుండా పరుగెత్తుకొచ్చి వరస చివర నిలబడి రొప్పింది. ఈగల సంగతి మళ్లీ చూద్దామని డెల్బర్ట్ టోపీ పెట్టుకున్నాడు.

ట్వైలా వంతు వచ్చింది. ఆమె దరఖాస్తులో తండ్రి ఆదాయం రాయలేదని ఫిచ్ వేలు పెట్టి చూపింది. తండ్రి తనకు నాలుగో ఏటనే వెళ్లిపోయాడనీ, తల్లి పోయిందనీ, అమ్మమ్మ పెంచిందనీ ట్వైలా చెప్పింది. ఇరవై నాలుగేళ్లు నిండేదాకా తండ్రి ఉన్నట్టే లెక్క అని ఫిచ్ అంది. ఆయన ఏ రాష్ట్రంలో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేదో ట్వైలాకు తెలియదు. సర్కారుకు మాత్రం ఉన్నాడు. పిల్లకు ఒక్క పూట తిండి పెట్టని మనిషి, ఆమె చదువుకు అడ్డం పడటానికి మాత్రం ఏళ్ల తరబడి అక్కడే కాగితం మీద కాపు కాస్తున్నాడు.

"తండ్రి చూడటం లేదని మీ పాస్టరు గారితో, బళ్లో టీచరుతో రాయించుకు రా. శుక్రవారం మూసేలోపు రావాలి. లేకపోతే క్లాసుల్లోంచి నీ పేరు కొట్టేస్తారు. నేను కాదు, కంప్యూటరు," అంది ఫిచ్.

పేరు కొట్టేస్తే మళ్లీ ఏడాది ఆగాలి. ఒక్క ఏడాదేగా అని ఆగిన ఆడవాళ్లు ఫ్యాక్టరీలో ట్వైలా పక్కనే నిలబడి ఉన్నారు. వాళ్ల వేళ్లు కత్తి పట్టిన తీరుకే వంగిపోయి, ఇంటికెళ్లినా తిన్నగా కావు.

బయట తన పాత ట్రక్కు అద్దం తుడుచుకుంటూ డెల్బర్ట్ కనిపించాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మీకు ఫీజే లేదు. సాయం అక్కర్లేదు. మా నిద్రలు పాడుచేసి, మా పొట్టలు కొట్టి మీకేం వస్తుంది డెల్బర్ట్ గారూ?"

ఆయన కాసేపు గుడ్డ దులిపాడు. "మళ్లీ ఎప్పుడొస్తున్నావమ్మాయ్?"

"శుక్రవారం, షిఫ్టు దిగి. ఆ రోజైనా మీ ఈగలతో నా నోట్లో మన్ను కొట్టకండి."

"అలాగే," అన్నాడాయన, మర్యాదగా.

పాస్టరు అడగ్గానే రాసిచ్చాడు. టీచరు దగ్గరికి ట్వైలా మూడుసార్లు తిరిగింది. శుక్రవారం తెల్లవారాక చేతులు కడుక్కుని బయల్దేరబోతే, కోళ్ల లారీలు ఆలస్యంగా వచ్చాయనీ, ఎవరూ కదలడానికి వీల్లేదనీ మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు. ముందే చచ్చి వేలాడుతున్న కోళ్లకు ఏం తొందరో ఆమెకు అర్థం కాలేదు. ఆయన వదిలేసరికి పదకొండున్నర దాటింది. పనివాళ్లను దించే ఫ్యాక్టరీ వ్యాను ఆయాసపడుతూ కాలేజీ ముందు ఆగేసరికి గడియారం పన్నెండు దాటి చాలాసేపైంది. ఇక లాభం లేదని తెలిసి కూడా ట్వైలా పరుగెత్తింది. రబ్బరు బూటు ఒకటి మెట్ల మీద ఊడిపోయింది.

షట్టరు ఎత్తే ఉంది. ఫిచ్ చెయ్యి దాని తాడు మీద ఉంది. కిటికీ ముందు డెల్బర్ట్.

"పద్దెనిమిది నిండిన మగపిల్లలంతా సైన్యానికి పేరు రాయించుకోవాలని ఉంది కదా ఇక్కడ. నేను అప్పట్లో రాయించానో లేదో గుర్తులేదు. ఇప్పుడు రాయిస్తే తీసుకుంటారంటారా?"

"మీకు అరవై ఎనిమిదేళ్లు హకబీ."

"వంటవాడిగా?"

"షట్టరు దించాలి నేను. ఇది ఆఖరి సందేహమేనా?"

డెల్బర్ట్ జేబులోంచి గుడ్డ తీసి కళ్లజోడు తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూ తలెత్తి చూస్తున్నది కళ్లజోడును కాదు, హాలు మూలన పైన దొంగల కోసం బిగించిన గుండ్రటి అద్దాన్ని. ఆ అద్దంలో వాకిలి కనిపిస్తుంది. వాకిట్లో ఒంటి బూటుతో ట్వైలా కనిపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు.

"తీరిపోయిందమ్మా," అన్నాడు ఫిచ్‌తో, పక్కకు తప్పుకుంటూ.

ట్వైలా నిలబడ్డచోటే నిలబడిపోయింది. అమ్మమ్మ ఇంటి మలుపు గుర్తొచ్చింది. చిన్నప్పుడు జడ సగం వేసుకుని, ఒక చెప్పు చేత్తో పట్టుకుని, మొక్కజొన్న రొట్టె నోట్లో కుక్కుకుని పరుగెత్తుకొచ్చేది. రోజూ ఆలస్యమే. రోజూ బస్సు అక్కడే ఉండేది, ఆయన వానలో అద్దం తుడుస్తూ ఉండేవాడు. తన అదృష్టం మంచిదనుకునేది. ఇన్నేళ్లూ అదృష్టమనే అనుకుంది. ఆమెకు సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది కానీ వరసలో తన వంతు అప్పుడే వచ్చింది.

ఫిచ్ కాగితాలు తిరగేసి ముద్ర వేసింది. "ఈ ఏటికి సరే. వచ్చే ఏడు మళ్లీ మీ నాన్న లేడని తేవాలి."

"నాకు నాలుగేళ్లప్పటి నుంచీ లేడు మేడమ్."

"ఇక్కడ ఏటికేడూ లేకుండా పోవాలి," అంది ఫిచ్, పిప్పరమెంటు ఇంకో బుగ్గకు మార్చుకుంటూ.

బయట డెల్బర్ట్ ఆమె బూటు తెచ్చి మెట్టు మీద పెట్టాడు. ట్వైలా ఏదో చెప్పబోయింది. ఆయన చెప్పనిస్తేగా. "ఆమె చూశావా, వంటవాడిగా తీసుకుంటారో లేదో ఇప్పటికీ చెప్పలేదు," అని గొణుక్కుంటూ ట్రక్కెక్కాడు.

జనవరిలో మళ్లీ గడువు ముగిసే శుక్రవారం వచ్చింది. కొత్తగా చేరేవాళ్లతో హాలు కిక్కిరిసి, పన్నెండయ్యేసరికి వరస ఖాళీ అయి, పని ముగిసినవాళ్లు కొందరే మిగిలారు. పుస్తకాల సాయం కాగితం మీద సంతకం చేయడానికి వచ్చి, పని అయిపోయినా ట్వైలా ఒక మూల కూర్చుని ఉంది. కిటికీ ముందు డెల్బర్ట్ మెడకు మఫ్లరు చుట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు, వారం రోజులుగా జలుబు.

"నోరు పడిపోయిందా హకబీ? దేవుడున్నాడు," అంటూ ఫిచ్ తాడు అందుకుంది.

ఆయన మళ్లీ నోరు తెరిచాడు. గాలి వచ్చింది. గుండ్రటి అద్దం వైపు చూశాడు. ట్వైలా కూడా చూసింది. అందులో, వాకిలి అవతల దూరంగా ఫ్యాక్టరీ వ్యాను రోడ్డు దిగి లోపలికి తిరుగుతోంది. అందులోంచి దూకి పరుగెత్తుకురావడానికి ఎవరో తలుపు అప్పుడే సగం తెరిచి పట్టుకున్నారు.

ట్వైలా లేచి కిటికీ దగ్గరికి నడిచింది.

"మేడమ్, డెల్బర్ట్ గారికి ఒక్క చిన్న సందేహం ఉంది."

హాల్లో మిగిలినవాళ్లంతా నిట్టూర్చారు. ఏమిటది అని ఫిచ్ అడిగింది. ట్వైలాకు ఒక్క సందేహమూ తట్టలేదు. ఆయన మొహంలోకి చూసింది. ఆయన కూడా ఆశగా ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"వాళ్ల హేజెల్ ఈ ఏడు కూడా ఇంట్లోనే తింటోంది," అంది ట్వైలా. "దాన్ని కుటుంబంలో రాయొచ్చా అని."

ఫిచ్ గడియారం చూసింది. పైన మూలనున్న గుండ్రటి అద్దం చూసింది. తర్వాత తాడు వదిలేసి, కళ్లజోడు పెట్టుకుని, తీరిగ్గా కలం మూత తీసింది.

"ఏ జాతి కుక్క?" అని అడిగింది.