ఆదివారం నార కొట్టిన ఫేకితా

మా టోంగాలో నార బట్ట చేసేది ఆడవాళ్లే. పొడుగాటి కొయ్య దుంగకు అటొకరు ఇటొకరు కూర్చుని, తడి నారను కొయ్య సుత్తులతో వంతులవారీగా కొట్టి పలచగా సాగదీస్తాం. మా వాడలో నలభై ఏళ్లు ఆ పనికి పెద్దగా ఉన్నది ఫేకితా. ఆమె ఎదుట కూర్చునేదాన్ని నేనే కాబట్టి, తిట్లలో పెద్ద వాటా నాదే.

మూడేళ్ల కిందట ఆమెకు మతిమరుపు జబ్బు మొదలైంది. ముందు మా పేర్లు పోయాయి, తర్వాత వారాల పేర్లు. లోసలీనే అని, ఆమె చిన్న కూతురు, బడిలో ఉద్యోగం మాని తల్లిని చూసుకుంటోంది. ఆ పిల్లకు మిగిలిన సుఖం ఒక్కటే, ఆదివారం చర్చిలో పాడటం.

ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం మధ్యలో ఫేకితా ఇంటి నుంచి టక్ టక్‌మని వినిపించింది. ఆదివారం ఏ పనీ ముట్టకూడదని మా కట్టుబాటు; ఆ రోజు బట్టలు ఉతికితేనే ఊరు చెవులు కొరుక్కుంటుంది, ఇక నార కొట్టడమా. లోసలీనే పరుగెత్తి వెళ్లి సుత్తి లాక్కుని దాచేసింది. మా ఆయన చర్చి పెద్ద. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అదే ముచ్చట, నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సుత్తి పోయాక ఫేకితా ముద్ద ముట్టలేదు. ఒట్టి చేతులతో తొడలు బాదుకుంటూ కూర్చుంది. లోసలీనే చర్చి మానేసింది. నేను చేమాకు కూర పట్టుకుని వెళ్లేసరికి ఆ పిల్ల గుమ్మంలో కూలబడి ఉంది.

"ఆదివారమమ్మా అంటే, ఎవరి ఆదివారమే అంటుంది పిన్నీ. నిన్న అమ్మ మీద చెయ్యి కూడా ఎత్తాను."

కూర గిన్నె కింద పెట్టి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

తోకిలూపే అనే ఆస్పత్రి నర్సు వచ్చి ఆ పిల్లకే చీవాట్లు పెట్టింది. "అమ్మతో వాదించకు. ఆ చేతులకు తెలిసిన పని ఇవ్వు. అసలు నువ్వు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది?" తర్వాత నా మీద పడింది. "ఇన్నేళ్లు ఆవిడ తిట్లు తిన్నారుగా, ఇప్పుడు వంతులేసుకోండి."

నార కొట్టేవాళ్లమంతా ఆమె దగ్గర ఉండటానికి వంతులు వేసుకున్నాం. పనిరోజుల్లో ఆమెను మళ్లీ దుంగ దగ్గర కూర్చోబెట్టాం. నారకు చిల్లులు పడితే అతికించుకున్నాం. ఆమె తిండి తినసాగింది. ఆదివారం వంతుకు మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. చివరికి నేనే వెళ్లాను.

"అమ్మ సుత్తి అడిగితే ఏం చేస్తావు పిన్నీ?"

"నువ్వెళ్లి పాడు. ఆ గోల నేను పడతా."

చర్చి గంట మోగగానే ఫేకితా సుత్తి అడిగింది. చప్పుడు రాకుండా దుంగ మీద పాత చాప పరిచి ఇచ్చాను. రెండు దెబ్బలు వేసి, చాప లాగి అవతల పారేసింది. "మోగని ఈ చచ్చిన దుంగ ఎవరిక్కావాలే?"

టక్. ఆగింది. మళ్లీ టక్. ఆగింది. రెండో దెబ్బ ఎదుటివాళ్లది. అది పడకపోయేసరికి ఆమె ముఖం చిన్నబోయింది.

"ఏమే, చేతులు పడిపోయాయా?"

ఆదివారం పూట సూదైనా ముట్టి ఎరగను, పైగా చర్చి పెద్ద పెళ్లాన్ని. రెండో సుత్తి తీసుకుని ఎదుట కూర్చున్నాను. ఆమె ఒకటి కొట్టింది, నేనొకటి కొట్టాను. మా రెండు సుత్తుల చప్పుడుకు అవతల చర్చిలో పాట కాస్త తడబడి, మళ్లీ సాగింది. ఈసారి లోసలీనే పరుగెత్తి రాలేదు.