చర్చి గుమ్మం ముందు వదిలిన బూట్లు

కెనడాలో మేముండే కనాటాలో ఇక మంచు పడదని నమ్మకం కుదిరాక, మొన్న శనివారం మా అమ్మాయి గరాజ్ పక్కనున్న చెప్పుల అలమరా ఖాళీ చేసింది. పాతవన్నీ డొనేషన్ సంచిలో వేస్తూ నా బూడిదరంగు నడక బూట్లు కూడా అందులో పడేసింది. నేను గబగబా వెళ్లి వాటిని బయటికి తీశాను. "అమ్మా, దే ఆర్ ఫాలింగ్ అపార్ట్!" అంది. నిజమే, కుడి బూటు అడుగు ఊడిపోయింది. కానీ నాకు కావలసింది ఆ కుడి బూటే.

నాలుగేళ్ల కిందట, యాభయ్యో ఏట, నేను ఒక్కదాన్నే పోర్చుగల్‌లోని పోర్టో నగరానికి వెళ్లాను. ఆఫీసులో నా సీటుకు ఎదురుగా ఎవరో వదిలేసి పోయిన క్యాలెండరు ఒకటి ఉండేది. అందులో నీలిపలకల గోడలున్న ఆ ఊరి బొమ్మను చూస్తూ ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. "ఊరంతా మెట్లే. నా మోకాళ్లకు పడదు, నువ్వెళ్లిరా" అన్నారు మా ఆయన. ఎంత తేలిగ్గా అన్నారో అంత గట్టిగా ఒక షరతు పెట్టారు: ఫోన్‌లో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, మ్యాప్ మీద నా చుక్క ఆయనకు కనబడుతూ ఉండాలి. ఎటోబికోలో ఉండే మా ఆడపడుచు ఇంకో జాగ్రత్త చెప్పింది. "పాస్‌పోర్టూ పీఆర్ కార్డూ ఒకేచోట పెట్టకు వదినా. కార్డు బూట్లో దాచుకో. కాళ్ల మీద చెయ్యెవడేస్తాడు?" మాకు అప్పటికింకా పౌరసత్వం రాలేదు. శాశ్వత నివాసానికి గుర్తైన ఆ పీఆర్ కార్డు చూపిస్తేనే కెనడాకు తిరుగు విమానం ఎక్కనిస్తారు. నేను పుట్టు భయస్తురాలిని. ఆ సలహా నాకు దేవవాక్కులా వినబడింది. కార్డును ప్లాస్టిక్ కవర్లో చుట్టి కుడి బూటు లోపలి అట్ట కింద పెట్టాను.

మూడు రోజులు ఆ ఊరిని నడిచి చూశాను. ఊరు ఒకటే ఎత్తుపల్లాలు. నున్నగా అరిగిన రాళ్లు పరిచిన సన్నటి సందులు, పైన ఆరేసిన దుప్పట్లు, మలుపు తిరిగితే చేపలు కాలుస్తున్న వాసన, ఇంకో మలుపు తిరిగితే కింద నది. అందరూ తలెత్తి గోడలు చూస్తుంటే నేను మాత్రం అడుగడుక్కీ బొటనవేలితో కార్డును నొక్కి చూసుకునేదాన్ని. గట్టిగా తగిలితే నాలుగడుగులు హాయిగా వేసి, ఐదో అడుగులో మళ్లీ నొక్కేదాన్ని.

నాలుగో రోజు పొద్దున ఒక చిన్న పాత చర్చికి వెళ్లాను. మరునాడే నా విమానం, ఆ మరునాటితో వీసా ఆఖరు. గుమ్మం పక్కన ఒక ముసలావిడ స్టూలు వేసుకుని కొవ్వొత్తులు అమ్ముతోంది. చిన్నప్పుడు గుంటూరులో మా బడి పక్కనే చర్చి ఉండేది. అక్కడ అందరూ చెప్పులు బయట విడిచి, లోపల చాపల మీద కూర్చునేవారు. ఆ అలవాటు నా కాళ్లకు ఎంతగా పట్టేసిందంటే, బూట్లు విప్పి గోడవారగా పెట్టి లోపలికి వెళ్లిపోయాను. జనమంతా బూట్లతోనే తిరుగుతున్నారని కూడా గమనించలేదు. మూడు రోజుల తర్వాత మొదటిసారి బొటనవేలి గోల మరచిపోయి, బంగారు పూత పూసిన ఆ బలిపీఠాన్ని కళ్లారా చూశాను.

బయటికొచ్చేసరికి వాన కురిసి వెలుస్తోంది. గోడవారన బూట్లు లేవు. కొవ్వొత్తుల ఆవిడా లేదు. సాక్సులతోనే ఆ తడిరాళ్ల మీద కిందిదాకా పరుగెత్తాను, మళ్లీ పైకి వచ్చాను, అలా ఎన్నిసార్లు తిరిగానో. చెత్తడబ్బాల్లో చూశాను. చర్చి ఊడ్చే ఆయనకు నా పాదాలు చూపించి సైగలు చేస్తే, పాపం ఆయన జాలిపడి కుర్చీ వేశాడు. కొత్త కాగితాలు ఎప్పుడొస్తాయి, ఈలోగా వీసా అయిపోతే ఇక్కడ నా గతేమిటి? అప్పుడు ఫోన్ మోగింది. మా ఆయన మెసేజ్: "అరగంటగా అక్కడక్కడే ఉన్నావేంటి?" ఒక్క ఫోన్ చేస్తే చాలు, భారమంతా ఆయనదవుతుంది. కానీ ఇక జన్మలో ఒంటరిగా గడప దాటే ముఖం నాకుండదు. "చర్చి చాలా బాగుంది, చూస్తున్నాను" అని టైప్ చేశాను. రెండుసార్లు తప్పు పడితే దిద్ది పంపాను.

మళ్లీ పైకి ఎక్కుతుంటే, ఎదురు దుకాణం లోపలి నుంచి అప్పుడే చూరు కిందికి వచ్చి ఎవరో కేకేశారు. కొవ్వొత్తుల ఆవిడ! వాన మొదలవగానే తన సరుకుతో పాటు నా బూట్లను కూడా అటు చేర్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచింది. వాళ్ల భాషలో చెడామడా తిట్టింది. ఆ తిట్లు నాకు పూర్తిగా అర్థమయ్యాయి. నేను అక్కడే కూలబడి అట్ట లేపి కార్డు తీశాను. ఆవిడ విరగబడి నవ్వి, తన జాకెట్లోంచి చేతిరుమాలు మూట తీసి చూపించింది. అందులో ఇంటి తాళంచెవులున్నాయి. మా మేనత్త కూడా అచ్చం అక్కడే దాచుకునేది. ఆవిడ చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చాను.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొన్న శనివారం కాఫీ తాగుతున్న మా ఆయన "అవి ఉంచు తల్లీ, పోర్టో బూట్లు" అని అమ్మాయితో అని, నావైపు తిరిగారు. "ఆ రోజు ఏం పోగొట్టుకున్నావు?"

నేను ఊడిన బూటు అడుగును సరిచేస్తూ నిలబడ్డాను.

"నీ చుక్క ఆ వీధిలో ఏడుసార్లు పైకీ కిందికీ తిరిగింది. చర్చి చూసేవాళ్లు అలా తిరగరు. నేనూ అక్కడికి వచ్చేద్దామని టికెట్ బుక్ చేయడానికి కూర్చున్నా."

"మీకు వీసా లేదుగా?"

"పేమెంట్ పేజీ దాకా వెళ్లాక గుర్తొచ్చింది."

"మరి ఒక్క ఫోన్ చేయొచ్చుగా?"

"నువ్వు చెయ్యలేదుగా. వద్దనుకున్నావేమో అని..." అని కప్పు తీసుకుని లేచారు, మోకాలు పట్టుకుని.

బూట్లు మళ్లీ అలమరాలో పెట్టాను. ఆ పొద్దున మేమిద్దరం ఒకే గంటను చెరో ఊళ్లో ఒంటరిగా భయపడుతూ గడిపాం. ఆ గంట ఇల్లు చేరడానికి నాలుగేళ్లు పట్టింది.