సార్ సగంలో ఆపిన లైను

యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసర్‌గా రిటైరై పాల్వంచలో స్థిరపడ్డ మా సార్ చనిపోయిన కొన్నాళ్ళకు, ఆయన కాగితాలన్నీ లైబ్రరీలో భద్రపరుస్తామని యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది. వాటిని సర్ది అట్టపెట్టెల్లో పెట్టే పని నా మీద పడింది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసి, టేకులపల్లిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నదాన్ని, దగ్గర్లో ఉన్నది నేనే మరి.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. అడవి దాటేదాకా సెల్‌కు సిగ్నల్ ఉండని రోజులవి. వెళ్ళి బీరువా తెరిస్తే ఉద్యోగపు ఆర్డర్లు, పాత ప్రశ్నపత్రాలు, జర్నల్‌వాళ్ళు తిప్పిపంపిన వ్యాసాలు, వాటికి సార్ రాసి పోస్టు చేయని ఘాటైన జవాబులు. జవాబులు చదివి నవ్వుకున్నాను. నా థీసిస్ మీద ఆయన ఎర్ర సిరాతో రాసినవి కనబడ్డాక మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పేజీలు గబగబా తిప్పేశాను.

సార్‌కు ఒక అలవాటుండేది. ఏ రోజూ లెక్క పూర్తి చేసి లేచేవారు కాదు. తర్వాతి మెట్టు తెలిసి కూడా లైను సగంలో పెన్ను మూసేసేవారు. పొద్దున్నే కూర్చోగానే చెయ్యి ఆడాలంటే నిన్నటిది కొంచెం మిగలాలి అనేవారు. ఆ కట్టలన్నీ అలాగే ఉన్నాయి. ఒక రోజు కాగితం సగం మాటతో ఆగుతుంది, మర్నాటిది మిగతా సగంతో మొదలవుతుంది.

కిటికీ పక్క బల్ల మీద చివరి కాగితం ఉంది. ‘కాబట్టి’ అని రాసి ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. పక్కనే మూత తీసిన పెన్ను, కొత్త తెల్లకాగితం. ఆ తెల్లకాగితం రోజూ మార్చి, పెన్ను మూత తీసి పెట్టేది సార్ భార్యేనట; ఆమెను నేను అమ్మ అనే పిలుస్తాను. ఊళ్ళోని కరెంటు ప్లాంటు నుంచి వచ్చే బూడిద బల్ల మీదా కిటికీ చువ్వల మీదా సన్నగా పరుచుకుంది. కుర్చీలో మాత్రం లేదు. అమ్మ తుడిచి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయినా అందులో కూర్చోలేక నిలబడే పని చేశాను. భయమేసింది, అంతే.

అమ్మ టీ తెచ్చి గుమ్మంలోనే ఆగింది.

“కుర్చీ నువ్ తుడిచినవా బిడ్డా?”

“లేదమ్మా.”

“నేను గూడ తుడువలే.” ఆమె గొంతులో ఆశ్చర్యం లేదు. “రోజు పొద్దుగాల వచ్చి కూసుంటడు. కుర్చీ కిర్రుమంటది. గా లెక్క తెగలేదు, ఎట్ల పోతడు? నాకు నిద్ర లేదు, ఆయనకు నెమ్మది లేదు. నీకు వస్తది గదా, నువ్ పూర్తి చెయ్. ఆయనను పోనియ్.”

కాగితాల మీద ఒక్క అక్షరం కూడా చేర్చవద్దని లైబ్రరీవాళ్ళు గట్టిగా చెప్పారు. వాళ్ళకేం, వాళ్ళు ఈ ఇంట్లో పడుకోవడం లేదు. కుర్చీ అంచున కూర్చున్నాను. ఆ మెట్టు నాకు తెలుసు, సార్ నేర్పిందే. ‘కాబట్టి’ పక్కనుంచే రాసుకుంటూ పోయాను, లెక్క ఇట్టే తేలిపోయింది. తేలిందన్న గుర్తుగా కింద గీత గీసి, పెన్నుకు మూత పెట్టాను.

“అయిపోయిందమ్మా.”

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. ఆ గుర్తులేవీ ఆమెకు తెలియవు. గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. ఇప్పుడైనా తేలికపడుతుందనుకున్నాను.

“ఇగ రేపు పొద్దుగాల దేనికొస్తడు బిడ్డా?” అని అడిగింది.