పాలు పడయి

రెండే మాటలు. ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పాలు పడవు. మా జనగామ వైపు "పాలు పడయి" అంటాం. ఇంత చిన్న మాటకు అంత బరువేమిటని మీకు అనిపించవచ్చు. చదివాక నన్ను ఏమైనా అనుకోండి. నాకు నేను పెట్టుకున్న పేర్ల కన్నా చెడ్డవి మీ దగ్గర ఉండవు.

నాది రక్తపరీక్షల కేంద్రం. షుగరు, థైరాయిడు చూసుకుంటూ మర్యాదగా బతుకుతున్న రోజుల్లో హైదరాబాదు నుంచి టై కట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చి కొత్త పరీక్ష అంటగట్టి పోయాడు. ఏ తిండి మన ఒంటికి పడదో రక్తమే చెప్పేస్తుందట. పాలు, పెరుగు, వెన్న, పన్నీరు, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఎరుపు వస్తే మానెయ్యాలి. చెడు వెంటనే కనపడదట, మెల్లగా కొన్ని రోజులకు బయటపడుతుందట. ఆ "మెల్లగా" ఎంత గొప్ప మాటో చూడండి. మొన్న తాగిన మజ్జిగకు ఇవాళ దురద పుట్టిందంటే కాదనేదెవరు?

నేను చదువుకున్నవాణ్ణి. ఆ పరీక్ష సంగతి నాకు తెలుసు. రోజూ పాలు తాగేవాళ్ల రక్తంలో పాల గుర్తు ఉంటుంది, అదే ఎర్రగా వస్తుంది. పన్నీరు మొహం చూడని రైతుకు కూడా పన్నీరు ఎర్రగా వచ్చేది, అదీ పాలే కదా. తిన్నావని చెప్పే పరీక్షను తినొద్దని చెప్పే పరీక్షగా అమ్మాను. జనం ఎగబడ్డారు. మహబూబాబాద్ నుంచి కార్లలో వచ్చారు. కేసముద్రంలో పత్తి కొనే ఒక వ్యాపారి ఇంటిల్లిపాదినీ రైలెక్కించి తెచ్చాడు. వాళ్లను చూస్తే నవ్వొచ్చేది. దాచడమెందుకు, అసహ్యం వేసేది. డాక్టరు "నీకేం లేదు పో" అంటే మొహం మాడ్చుకునే మనిషి, నేను రంగుల కాగితం చేతిలో పెట్టి పెరుగన్నం మానెయ్యమంటే దండం పెట్టేవాడు. వాళ్ల మీద నాకంత అసహ్యం ఎందుకు? వాళ్లు చేసిన తప్పేమిటి, నన్ను నమ్మడం తప్ప?

అలాంటి రోజుల్లో రఘునాథపల్లి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దావిడ కోడలిని తీసుకొచ్చింది. పొలాలున్న ఇల్లు. ఆ ఇంట్లో ఆవిడ మాటే చెల్లుతుంది. కోడలి పేరు మంజుల. పచ్చి బాలింత, ఒళ్లో ఆడపిల్ల. కాన్పయినప్పటి నుంచి ఒంటి నిండా దద్దుర్లు. బలం రావాలని పూటపూటకూ బర్రె పాలు తాగిస్తున్నారట. ఇంకేం, ఏ రంగు వస్తుందో సూది గుచ్చకముందే చెప్పగలను. ఆ రంగే వచ్చింది.

రిపోర్టు ఇచ్చే రోజు వెనక కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అందరూ అదే పరీక్షకు వచ్చినవాళ్లు.

"అవ్వా, మీ కోడలికి పాలు పడయి" అన్నాను.

"ఏంది కొడుకా? మంచిగనే పడ్డయి గద. పిల్ల కడుపునిండ తాగుతున్నది."

ఒంటికి సరిపడటమూ పడటమే, బాలింతకు చనుబాలు రావడమూ పడటమే. నేను ఒకటన్నాను, ఆవిడ ఇంకొకటి విన్నది. నా చెవికి అది ఎక్కలేదు. వల్లె వేసిన పాఠం అప్పగించాను.

"ఇప్పుడు మంచిగనే అనిపిస్తది అవ్వా. చెడు మెల్లగ తెలుస్తది. రక్తంలనే ఉన్నది."

ఆవిడ మొహం మారిపోయింది. "అంటె పిల్లకు తాపొద్దా?"

అప్పుడు అర్థమైంది. పూర్తిగా అర్థమైంది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. మంజుల పిల్లను గుండెకు అదుముకుని నావైపే చూస్తోంది. నేనన్నది బర్రె పాల గురించి అని చెబితే, కోడలు పుట్టినప్పటి నుంచి తాగుతున్న పాలు ఇప్పుడెందుకు పడవని ఆవిడ అడుగుతుంది, వెనకవాళ్లంతా వింటారు, నా దగ్గర జవాబు లేదు. అందుకేనా నోరు మూసుకున్నాను? లేక ఈ పల్లెటూరి ముసలమ్మకు విడమరచి చెప్పడం దండగ అనుకున్నానా? రెండూ నిజమే. రెండోదే ఎక్కువ నిజం.

"కొన్ని రోజులు ఆపి చూడుండ్రి" అన్నాను.

ఆపారు. ఆ ఊరి నుంచి వచ్చేవాళ్ల మాటల్లో తర్వాత తెలిసింది. పాలు ఎండిపోవాలని మంజుల రొమ్ములకు గుడ్డ బిగించి కట్టారట. పిల్లకు ఏం పట్టారో తెలుసా? అవే బర్రె పాలు, నీళ్లు కలిపి. పిల్లకు విరేచనాలు పట్టుకుని పెద్ద దవాఖానలో చావు తప్పి బయటపడింది. ఈలోపు మంజుల దద్దుర్లు వాటంతట అవే తగ్గాయి. ఇంకేముంది, నా పరీక్షకు పేరొచ్చింది! ఆ ఊరి నుంచి ఇంకో నలుగురు వచ్చి చేయి చాపారు. నేను నవ్వుతూ రక్తం తీశాను.

పోయిన ఏడాది మంజుల ఒక్కతే వచ్చింది, చంకలో ఇంకో పసివాడితో.

"అన్నా, నా పాలు ఇప్పుడన్న మంచిగైనయేమో జర చూడరాదు. అత్తమ్మ వీనికి గూడ తాపనిస్తలేదు."

"గా పరీక్ష ఇప్పుడు చేస్తలేం చెల్లె" అన్నాను.

అబద్ధం కాదు. మానేశాను. బుద్ధొచ్చి కాదు, మోజు తగ్గి గిరాకీ పోయింది. ఆమె పసివాణ్ణి సర్దుకుని లేచింది. జాకెట్టు ముందుభాగం తడిసి ఉంది. పాలు మంచిగానే పడ్డాయి.

ఆ పూటైనా నోరు తెరిచి ఉంటే ఆ పసివాడికైనా తల్లిపాలు దక్కేవి. చెప్పాల్సిన మాట ఎంత? మంజులా, నీ పాలు ఎప్పుడూ మంచివే. నేనన్నది బర్రె పాల సంగతి, అదీ అబద్ధమే.

ఒక్క గుక్కలో అయిపోయింది. రాశాక గుండె తేలికైంది, ఆ తేలికకూ సిగ్గుగానే ఉంది. వాళ్ల ఊరికి ఇక్కడి నుంచి బస్సులో ఎంతోసేపు పట్టదు. మీకు చెప్పాను. ఆమెకు ఇంకా చెప్పలేదు.