మా ఇంటికి కట్టిన ప్రాకారాలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సెలవు దొరికితే కోటలు చూడటానికి పోయేవాణ్ణి. చెంజి, వేలూరు, చంద్రగిరి. ప్లాన్లు గీసే పని నాది కనుక టేపు పట్టుకెళ్ళి గోడల మందం, వాకిళ్ళ వెడల్పు కొలిచి డైరీలో రాసుకునేవాణ్ణి. మొదట్లో కోట అంటే మట్టిగోడ, చుట్టూ కందకం. తర్వాత రాతిగోడ వచ్చింది. ఏనుగులతో తలుపులు పొడిపిస్తుంటే తలుపులకు ఇనుప మేకులు దిగ్గొట్టారు. అదీ చాలక వాకిలినే మలుపు తిప్పారు, ఏనుగుకు పరుగెత్తి వచ్చే చోటు లేకుండా. ఆ పైన గోడ లోపల గోడ. ఫిరంగులు వచ్చాక గోడలు లావెక్కాయి, బురుజులు గుండ్రంగా మారాయి.

ఇవన్నీ ఎవరికీ పనికిరాని సంగతులని మా అక్క అనేది. తొంభైల మొదట్లో, నేను రిటైరైన ఏడాది, అవి ఆమె కోసమే వాడాల్సి వచ్చింది.

మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మాది పొడుగాటి పాత ఇల్లు. వీధి తిన్నె, తలుపు, నడవ, మండువా, వంటిల్లు, దాని పక్కనే అక్క గది, చివర పెరటి తలుపు. బావ పోయాక అక్క నా దగ్గరే ఉండేది. మేమిద్దరమే.

ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి అక్క సగం ఒలిచిన మునగాకు చేటతో లోపలికి వచ్చేసింది.

"ఒరే, ఆడ తిన్నె మీద ఎవురో కూచోనుండారు."

"ఎవరక్కా?"

"మొగం చూళ్ళేదురా. కాళ్ళు కనబడినాయి. పో, చూసి రా."

వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. ఎండలో వీధి ఖాళీగా ఉంది. ఆ మాటే డైరీలో రాశాను. అక్క తిన్నె మీద కూర్చోవడం మానేసింది. అడిగిందని వీధి తలుపుకు అడ్డగడియ పెట్టించాను.

నాలుగో రోజు, "నడవలోకి వచ్చేసినాడు" అంది.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు భయం లేదు, ఉత్సాహమే. కాగితం మీద ప్లాను గీసి మేస్త్రీని పిలిచి నడవకు అడ్డంగా గోడ కట్టించాను. లోపలికి వచ్చేవాడు రెండు మలుపులు తిరగాలి.

"ఏం సార్, లోపల ఏ రాజు ఉండాడు?" అన్నాడు మేస్త్రీ.

వంటింట్లోంచి అక్క అందుకుంది. "రాజు లేడు నాయనా. నేనూ ఈ పిచ్చోడే. గడియ వెయ్యరా అంటే కోట కడతా ఉండాడు."

అలా అన్నా, పని అయ్యాక వచ్చి గోడను అరచేత్తో తోసి చూసుకుంది.

వారం తిరగకముందే అతను మండువాలో నిలబడి ఉన్నాడంది. మండువా పైన ఇనుప కమ్ముల గ్రిల్లు వేయించాను. వంటింట్లోకి వచ్చాడంది. పెరటి తలుపు మూసి ఇటుకలు పేర్పించాను. అప్పుడు అక్క గది గడప దగ్గరికి వచ్చాడు. అక్క అన్నం మానేసింది.

"వాడు చూస్తా ఉంటే ఎట్లా తినేదిరా?"

రోజుకు రెండు ముద్దలు కూడా పోవడం లేదు. జాకెట్టు చేతులు వదులైపోయాయి. డాక్టరు నన్ను బయటికి పిలిచి, తినకపోతే ఈ మనిషి ఎక్కువ రోజులు నిలవదన్నాడు.

"నా గదికి మందం తలుపు పెట్టురా. ఇంక అదొకటే మిగిలింది" అంది అక్క.

కోట తలుపుల మందం ఎంత రాసుకున్నానో చూద్దామని ఆమె మంచం పక్కన కూర్చుని పాత డైరీ తీశాను. చెంజి కొలతల కింద నా చేతిరాతే ఉంది: "లోపల ఇంకో ప్రాకారం కట్టడమంటే బయటిది పోతుందని ముందే ఒప్పుకోవడం."

వెంటనే రిటైరైన ఆ ఏటి డైరీ కూడా తీసి పేజీలు వరసగా చదివాను. గడియ పెట్టాక నడవ. గోడ కట్టాక మండువా. గ్రిల్లు వేశాక వంటిల్లు. ఇటుకలు పేర్చాక గడప. నేను పని పూర్తి చేయకముందు అతను ఒక్కసారి కూడా ముందుకు రాలేదు. నేను ఒక్కో చోటు వదులుకుంటూ వచ్చాను. అతను దాంట్లోకి వస్తూ వచ్చాడు.

అక్క నా కళ్ళ ముందే నిద్రపోతోంది. వంటింట్లో లోటా కింద పెట్టిన చప్పుడైంది.

మర్నాడు తలుపు కొనలేదు. ఆ మేస్త్రీనే పిలిచి పెరటి ఇటుకలు తీయించాను.

"కట్టేదెందుకు, పగలగొట్టేదెందుకు సార్?" అన్నాడు.

రెండు రోజులకు అక్క, "గడప కాడ లేడు. వంటింట్లోకి పోయినాడు" అంది. గ్రిల్లు తీయించాను. మండువాలోకి పోయాడు. నడవలో గోడ తీయించాను. నడవలోకి పోయాడు. చివరికి వీధి తలుపు అడ్డగడియ నేనే ఊడదీశాను. స్క్రూలు తిప్పుతున్నంతసేపూ వీపు వెనక నడవ ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అక్క నా భుజం పట్టుకుని మెల్లగా తిన్నె మీదికి వచ్చింది. పెరుగన్నం గిన్నె ఆమె చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. అక్క కాసేపు వీధి వైపు చూసి నా వైపు తిరిగింది.

"కొంచెం ఆ పక్కకు జరిగి కూచోరా. నువ్వు ఆయన చోట్లో కూచోనుండావు."

జరిగాను. అక్క గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. మా ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ వైపు నేను చూడలేదు.